నీలం అట్ట సీడీ

జూలై 21

పైపుల కంపెనీ వాళ్ళు ఏటా షాపుకి ఇచ్చే డైరీ ఇది. బాల్‌రాజ్ ఏ ఏడూ ఇందులో ఒక్క ముక్క రాయలేదు. జనవరి నుంచి ఇవాళ్టి దాకా అన్నీ తెల్ల కాగితాలే. రోజూ ఏదో ఒకటి రాసుకుంటే మీకు మంచిదమ్మా అని ఆసుపత్రిలో ఎవరో అన్నారు. ఎవరన్నారో గుర్తు లేదు. మా ఆయన పేరు పైకి అనే అలవాటు నాకు లేదు. ఇక్కడ ఎవరూ చూడరు కాబట్టి పేరే రాస్తాను.

ఇవాళ బాల్‌రాజ్‌ని ఇంటికి తెచ్చాం. పక్షవాతం. కుడి చెయ్యి లేవదు. కుడి కాలు ఈడుస్తాడు. మాట పోయింది. నోరు తెరిస్తే "త... త..." అని ఒకటే చప్పుడు. మనం చెప్పేది చాలావరకు అర్థమవుతుందని డాక్టరు అన్నారు. చాలావరకు అంటే ఎంతవరకో నేను అడగలేదు.

కాలనీలో బోనాలు. డప్పులు మా గేటు దాకా వచ్చి మళ్ళాయి. బయటికి వెళ్ళి చూడలేదు. అన్నం, పప్పు, బీరకాయ కూర.

జూలై 22

బీరకాయ కూర మిగిలింది.

జూలై 25

అల్మాస్‌గూడ నుంచి అత్తయ్య మా దగ్గర ఉండడానికి వచ్చింది. కొడుకు మంచం పక్కన కూర్చుని, తల నిమురుతూ, గొంతెత్తి ఏడ్చింది. ఏడుపు అయ్యాక ముఖం కడుక్కుని అన్నం తింది. తిన్నాక నన్ను చాలాసేపు చూసింది.

"నువ్వు ఏడుస్తలేవేంది బిడ్డా? అట్ల లోపల్నే పెట్టుకుంటే మంచిది గాదు."

కూర మాడుతోందని వంటింట్లోకి వచ్చేశాను. నిజం ఏమిటంటే ఏడుపు రావడం లేదు. బాత్‌రూంలో కొళాయి తిప్పి ప్రయత్నించి చూశాను కూడా. పన్ను పీకే ముందు సూది వేస్తే బుగ్గ ఉండీ లేనట్టుంటుందే, అలా ఉంది ఒళ్ళంతా.

దిల్‌సుఖ్‌నగర్‌లో మా కాలేజీ స్టాఫ్ రూంలో అందరూ బిందుమాధవి మేడం చాలా ధైర్యవంతురాలు అనుకుంటున్నారు. అనుకోనీ. ఇవాళ ఇంటర్ పిల్లలకి టైట్రేషన్ చెప్పాను. రంగు మారే చుక్క దగ్గర ఆపడం ఎప్పటిలాగే బాగా చూపించాను.

జూలై 29

మాట నేర్పే అమ్మాయి వచ్చింది. పేరు అలేఖ్య. చిన్నపిల్ల, స్కూటీ మీద బడంగ్‌పేట్ నుంచి వస్తుంది. బొమ్మల కార్డులు తీసి బాల్‌రాజ్ ముందు పెట్టింది. కప్పు, చెప్పు, ఆవు. ముప్పై ఏళ్ళుగా ఎల్బీనగర్ మొత్తానికి పైపులూ నల్లాలూ అమ్మిన మనిషి ఆవు బొమ్మని చూసి ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

వెళ్ళేముందు నన్ను గేటు దగ్గరికి పిలిచి ఉన్నదున్నట్టు చెప్పింది. పోయిన మాటలో తిరిగొచ్చేది ఎక్కువగా ఈ మొదటి నెలల్లోనే వస్తుందట. తర్వాత రాదని కాదు, వచ్చే వేగం తగ్గుతుందట. అందుకని ఆయనకి ఇష్టమైనవాటితో కదిలించాలి అంది. ఏం మాట్లాడేవారు, ఎవరితో వాదించేవారు, ఏం పాటలు వినేవారు అని అడిగింది. మొదటి రెండింటికీ నా దగ్గర జవాబు లేదు. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో ఉన్నది మేమిద్దరమే, అయినా లేదు.

ఇంకో మాట కూడా అంది. "ఆంటీ, తల ఊపారు కదా అని నమ్మెయ్యకండి. అవునుకీ కాదుకీ కొన్నాళ్ళు తారుమారవుతుంది. అవునందామని కాదంటారు, కాదందామని అవునంటారు."

మూడో ప్రశ్నకి జవాబు తెలుసు. రోనన్ వేల్. ఆ పేరు ఇన్నేళ్ళుగా సీడీల మీద తుడుస్తూనే ఉన్నాను. ఎవరో తెల్లాయన, గిటార్ వాయిస్తాడు. పాట ఉండదు, గిటారొక్కటే. నిజాం కాలేజీలో చదివేటప్పుడు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద క్యాసెట్ దొరికిందట, అప్పటినుంచీ పిచ్చి. పెళ్ళయిన కొత్తలో చైతన్యపురి ఇంట్లో పెద్దగా పెట్టేవాడు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి అన్నాను. మర్యాదగానే అన్నాను. ఆ మర్నాడే కొనుక్కొచ్చుకున్నాడు. ఇప్పటిదాకా అలాగే విన్నాడు.

ఆగస్టు 2

సీడీలు వెతికాను. కింది సొరుగులో ఒక గుట్ట ఉంది. అట్టలు పగిలి, మీద టీ మరకలు, కొన్నింటికి రబ్బరు బ్యాండ్లు. ఏది పెట్టాలో తెలియలేదు. బీరువాలో పై అరలో, ఆయన పదో తరగతి మెమో, అల్మాస్‌గూడ పట్టా కాగితాలు ఉండే చోట, ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఒకటి విడిగా ఉంది. నీలం అట్ట. గీత పడలేదు, మరక లేదు. మా ఇంట్లో ఆ అరలోకి వెళ్ళేది బంగారం, లేకపోతే దస్తావేజు. అన్నింటిలోకీ ఇదే ప్రాణమని తెలిసిపోయింది.

పాత మ్యూజిక్ సిస్టం దుమ్ము తుడిచి పెట్టాను. ఒక నిమిషం కదల్లేదు. తర్వాత తల ఊపాడు. అటూ, ఇటూ. కళ్ళు మూసుకుని మళ్ళీ అటూ ఇటూ. తర్వాత ఎడమ అరచేత్తో తొడ మీద ఒక్క చరుపు.

నాకు మా నాన్న భానుమూర్తి గారు కళ్ళముందుకి వచ్చారు. కాకినాడ సంగీత సభల్లో ముందు వరసలో కూర్చునేవారు. నచ్చిన సంగతి పడితే తల అటూ ఇటూ ఊగిపోయేది, అరచెయ్యి తొడ మీద పడేది. పక్కవాళ్ళకి ఆ చప్పుడు వినపడేది. నేను ఆరేళ్ళు పాట నేర్చుకుని కూడా ఆ ఊపు చూసే ఎక్కడ బాగుందో తెలుసుకునేదాన్ని. ఈ మనిషి ఎన్నడూ కచేరీ మొహం చూడలేదు. అయినా అదే ఊపు, అదే చరుపు.

ఇంటికొచ్చాక ఆయనంతట ఆయన చేసిన మొదటి పని ఇది. ల్యాబ్ రికార్డులో రాసినట్టు రాస్తున్నాను. సంతోషం కలిగిందని రాయాలని ఉంది. కలగలేదు.

సంగీతం మాత్రం భయంకరం. గిటార్‌ని ఏదో మిషన్లో పడేసినట్టున్నాడు. అది గిటార్‌లాగా లేదు, నాదస్వరంలాగా లేదు, ఫ్యాక్టరీ సైరన్‌లాగా కూడా లేదు.

ఆగస్టు 3

పెట్టాను. ఊపాడు. చరిచాడు.

ఆగస్టు 4

మళ్ళీ. ఇవాళ కళ్ళవెంట నీళ్ళు కూడా వచ్చాయి. ఈ జబ్బులో కన్నీళ్ళు ఊరికే వస్తాయని అలేఖ్య అంటుంది. అలేఖ్యకి సంగీతం తెలియదు.

ఆగస్టు 15

సెలవు. పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి మొత్తం సీడీ పెట్టాను. అత్తయ్య మంచం పక్కన కింద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ విన్నది.

"పాడేటోడు ఏడి బిడ్డా?"

పాడేవాడు లేడత్తయ్యా, గిటారొక్కటే అన్నాను. ఆవిడ ఇంకో నాలుగు కాయలు తుంచింది.

"మరి గింతసేపు ఎవరికి చెప్తుండు?"

ఆ మాట పొద్దుటినుంచీ బుర్రలో తిరుగుతోంది. నాకు చెప్తున్నట్టయితే లేదు.

ఆగస్టు 23

ఒక సంగతి నిర్ణయించుకున్నాను. ఆయనకి అంత ఇష్టమైనదాని గురించి నేను ఒక్క ముక్క మాట్లాడగలగాలి. ఇక్కడ బాగుంది కదండీ అని సరైన చోట అనగలగాలి. అప్పుడు జవాబు చెప్పాలనిపించి మాట రావచ్చు. ఆవు బొమ్మకి రానిది దీనికి రావచ్చు.

ఫోన్లో అదే సీడీ దొరికింది. మెట్రోలో వినడం మొదలుపెట్టాను. ఎల్బీనగర్‌లో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగేలోపు ఒక పాట కూడా పూర్తికాదు. ఆయన ఇయర్‌ఫోన్సే, తీగవి. చెవిలో పెట్టుకునే గుండీల మీద షాపు దుమ్ము ఉంది. తుడవలేదు.

ఈ రోనన్ వేల్ గురించి ఇంటర్నెట్‌లో జనం కొట్టుకు చస్తున్నారు. మొదట్లో మామూలు గిటార్ వాయించేవాడట, అప్పుడు అందరూ దేవుడన్నారు. తర్వాత మిషన్ తగిలించాడు. సగం మంది అక్కడితో చచ్చిపోయాడంటారు. సగం మంది అక్కడే పుట్టాడంటారు. ఒకడు ఇది సంగీతం కాదు, లెక్కలు చేస్తున్నాడని రాశాడు. ఇంకొకడు అదే మాట మెప్పుగా రాశాడు. నేను నీలం అట్ట ఏ సగంలోదో చూశాను. మిషన్ సగంలోది. మా ఆయన ఆ జట్టన్నమాట.

సెప్టెంబర్ 2

వానలు. కాలేజీకి సెలవిచ్చారు. ఏమీ రాయడానికి లేదు.

సెప్టెంబర్ 5

రెండో పాట ఏడు దెబ్బలది. ఇన్నాళ్ళూ అర్థంలేని గొడవ అనుకున్నది వేళ్ళమీద వేసి చూస్తే మిశ్రచాపు. తకిట తకధిమి. విక్టోరియా మెమోరియల్ దగ్గర తెలిసింది. మళ్ళీ మొదటినుంచి పెట్టి వేళ్ళు ముడుస్తూ కూర్చున్నాను. పక్కనున్నావిడ జపం చేసుకుంటున్నాననుకుని కాస్త ఎడంగా జరిగి చోటిచ్చింది. దిగాల్సిన స్టేషన్ దాటి మూసారాంబాగ్ వెళ్ళిపోయాను. మొదటి పీరియడ్‌కి ఆలస్యం. ఉద్యోగంలో చేరాక ఇదే మొదలు.

ఇంటికొచ్చి మంచం పక్కన కూర్చుని, ఇది ఏడు దెబ్బల పాట కదండీ అన్నాను. తాళం వేసి చూపించాను. బాల్‌రాజ్ నన్ను చాలాసేపు చూశాడు. తర్వాత తల అటూ ఇటూ ఊపాడు.

సెప్టెంబర్ 17

నిమజ్జనం. సరూర్‌నగర్ చెరువుకి పోయే లారీలన్నీ మెయిన్ రోడ్డు మీదే. డీజేలకి కిటికీ అద్దాలు కొట్టుకున్నాయి. అన్నీ మూసి నీలం సీడీ పెద్దగా పెట్టాను. ఇవాళ బాల్‌రాజ్ చరుపులు మరీ గట్టిగా ఉన్నాయి. "త... త... త!" అని గొంతు లేచింది. ముఖం ఎర్రబడింది. అలేఖ్యకి ఫోన్లో వినిపించాను. గొంతులో బలం పెరిగింది ఆంటీ, ఏం చేస్తున్నారో అదే చెయ్యండి, ఆపకండి అంది.

ఆపను.

సెప్టెంబర్ 18

తొడ మీద ఎర్రగా కమిలింది. కొబ్బరినూనె రాశాను. ఇంత ఇష్టం ఏమిటండీ అన్నాను. కళ్ళు మూసుకున్నాడు.

సెప్టెంబర్ 26

మాట లేదు. నడక కొంచెం నయం. షాపు ఆడపడుచు కొడుకు మహేష్ చూసుకుంటున్నాడు. వచ్చినప్పుడల్లా జోళ్ళు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి "మామ ఎట్లుండు?" అని అడిగి వెళ్ళిపోతాడు. అట్లనే ఉండు అని అత్తయ్య చెబుతుంది. ఆ మాట విన్న ప్రతిసారీ అలేఖ్య చెప్పిన ఆ మొదటి నెలలు కారిపోతున్నట్టు అనిపిస్తుంది. అనిపిస్తుంది అంతే. వెళ్ళి గిన్నెలు సర్దుతాను.

అక్టోబర్ 6

బతుకమ్మ. కింది ఇంటివాళ్ళు వదల్లేదు. పట్టుచీర కట్టుకుని వెళ్ళి అందరితో పాటు చుట్టూ తిరిగి చప్పట్లు కొట్టాను. ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, మీ కష్టం పగవాళ్ళకి కూడా వద్దమ్మా అని ఏడ్చింది. ఏడుస్తూ నా ముఖంలోకే చూస్తోంది. నేనూ ఏడిస్తే బాగుంటుందని ఆవిడకి ఉంది. నాకూ ఉంది. కుదరలేదు.

పైకి వచ్చి వంటింట్లో ఒంటరిగా రెండో పాట విన్నాను. అందులో ఒక చోటుంది. ఎక్కడా ఆగకుండా పరిగెత్తే గిటార్ ఉన్నట్టుండి ఆగిపోతుంది. డ్రమ్ము ఏడు దెబ్బలూ తన మానాన తను వేసుకుంటూ పోతుంది. ఇక రాడేమో అనుకునేసరికి ఒక్క స్వరంతో వస్తాడు. పొడుగ్గా. గమకం లేదు, వణుకు లేదు, పక్కకి జారడు. దాన్ని అలా పట్టుకుని నిలబడతాడు.

ఇవాళ నాకు తెలిసింది. ఈ పాట నన్ను ఏడవమనడం లేదు. ఈ మూడు నెలల్లో నా దగ్గరికొచ్చి నన్ను ఏమీ అడగనిది ఇదొక్కటే. ఏమీ అనిపించని మనిషి వినడానికి ఇంత పెద్ద సంగీతం ఒకడు ముందే చేసి పెట్టాడు. దాన్ని మా ఆయన పట్టా కాగితాల్లో దాచుకున్నాడు.

నాకు ఇది చాలా ఇష్టం. రాస్తుంటే చెయ్యి ఆగింది, అయినా రాశాను. చాలా ఇష్టం.

అక్టోబర్ 8

దీని గురించి ఎవరితోనైనా మాట్లాడాలని ఉంది. బాల్‌రాజ్‌తో రోజూ మాట్లాడుతున్నాను, ఆయన ఊపుతున్నాడు, కానీ మాట తిరిగి రాదు కదా. కాలేజీ రోజుల్లో ఈ పిచ్చి ఉన్న స్నేహితుడెవరైనా ఉన్నాడా అని అత్తయ్యని అడిగాను.

"పసన్న ఉండె గద. సైదాబాదోడు. ఒక్క కంచంల తిన్నరు బిడ్డా ఇద్దరు. ఏమైందో ఏమో, మాటలు బంద్ చేసుకున్నరు."

ప్రసన్నకుమార్. పెళ్ళిలో చూశాను. కరెంటాఫీసులో ఇంజినీరు. బాల్‌రాజ్ ఫోన్లో నంబరు ఇంకా ఉంది. చేశాను. చెప్పాను. దసరా నాడు జమ్మి పెట్టనీకి ఒస్త వదినా అన్నాడు. మామూలు రోజున వచ్చే ధైర్యం లేదనుకుంటాను. దసరా సాయంత్రం జమ్మి ఆకు చేతిలో పెట్టి కావలించుకుంటే, ఎంత పగ ఉన్నవాడైనా గుమ్మంలోంచి పొమ్మనకూడదు ఇక్కడ.

అక్టోబర్ 12, దసరా

జరిగింది జరిగినట్టు రాయాలి.

పొద్దు వాలాక ప్రసన్నకుమార్ వచ్చాడు. జుట్టు తెల్లబడింది, పొట్ట వచ్చింది. గుమ్మంలో నిలబడి మంచం వైపు చూసి, కొంచెం సేపటికి గానీ లోపలికి రాలేదు. బాల్‌రాజ్ ఎడమ చేతిలో జమ్మి ఆకు పెట్టి, వంగి, భుజం మీద తల ఆనించి ఉండిపోయాడు. బాల్‌రాజ్ ఎడమ చెయ్యి ఆయన వీపు మీదికి వెళ్ళింది. అత్తయ్య కొంగుతో ముఖం తుడుచుకుని వంటింట్లోకి పోయింది.

తర్వాత ముగ్గురం కూర్చున్నాం. సరే, ఇద్దరికీ ఇష్టమైనదే కదా అని లేచి నీలం సీడీ పెట్టాను.

మొదటి నాలుగు దెబ్బలకే ప్రసన్నకుమార్ టీ కప్పు కింద పెట్టేశాడు. ఇది నేనిచ్చిందే వదినా అన్నాడు. అప్పుడు చెప్పాడు కథంతా. రోనన్ వేల్ మిషన్ తగిలించాక వీళ్ళిద్దరికీ పడలేదట. గిటార్ పట్టుకుని గిటార్‌నే చంపిండని బాల్‌రాజ్, ఇప్పుడే అసలు ఆట మొదలైందని ఈయన. వాదించి వాదించి, ఈ సీడీ కొని తెచ్చి, దీన్ని పూర్తిగా విని అప్పుడు మాట్లాడు అని చేతిలో పెట్టాడట. బాల్‌రాజ్ మొదటి పాట సగంలో ఫోన్ చేసి, గిది నాకెందుకిచ్చినవ్, చెవులున్నోడు వింటడా దీన్ని అన్నాడట. అటూ ఇటూ మాటలు పెరిగాయి. ఎంత పెరిగాయో చెప్పలేదు. ఆ తర్వాత ఇవాళే చూడడం.

నాకు అప్పుడే అర్థం కావలసింది. కాలేదు. పైపెచ్చు గర్వంగా చెప్పాను. అప్పుడెప్పుడో ఏమన్నారో గానీ ఇప్పుడు ప్రాణమండీ, ఆగస్టు నుంచి రోజూ ఇదే వింటున్నారు, చూడండి ఎలా తల ఊపుతారో, తొడ మీద ఎలా చరుస్తారో అన్నాను. అదిగో, అంతలోనే ఊపాడు. అటూ ఇటూ.

ప్రసన్నకుమార్ ముఖం విప్పారింది. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని నవ్వుతూ మంచం మీదికి వంగాడు.

"అంటే ఒప్పుకున్నవా రా బాల్‌రాజ్? ఇన్నేండ్లకు నేనే గెలిచినట్టా?"

బాల్‌రాజ్ మెడ నరాలు లేచాయి. ఎడమ చెయ్యి తొడ మీద పడింది. మళ్ళీ పడింది. "బ..." అన్నాడు. త కాదు, బ. "బ... బం..."

"బంద్ చెయ్."

స్పష్టంగా. అత్తయ్య వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. ఆయన ప్రసన్నకుమార్ వైపు చూడ్డం లేదు. నా వైపు చూస్తున్నాడు.

"బంద్ చెయ్ బే!"

పెళ్ళయినప్పటినుంచి నన్ను బే అని తిట్టింది లేదు. నేను కదల్లేకపోయాను. ప్రసన్నకుమారే లేచి సిస్టం ఆపాడు. ఇంట్లో చప్పుడు లేకుండా పోయింది. ఆ నిశ్శబ్దంలో బాల్‌రాజ్ మొదట పెద్దగా ఊపిరి వదిలాడు. మెట్లెక్కి వచ్చి బరువు దించుకున్న మనిషి వదిలినట్టు. తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు. సగం నోటితో, నీళ్ళు కారుతుంటే, నవ్వుతున్నాడు. ప్రసన్నకుమార్ మంచం కోడు పట్టుకుని కింద కూర్చుని, తిట్టు రా, ఇంకొకసారి తిట్టు అని బతిమాలుతున్నాడు. అత్తయ్య కొడుకు ముఖం రెండు చేతుల్లో పట్టుకుని ఏమేమో అంటోంది.

నేను సిస్టం దగ్గర నిలబడ్డాను. అటూ ఇటూ ఊపితే కాదు అని. ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు.

అక్టోబర్ 13

రోజూ పెట్టాను. పొద్దున్నా సాయంత్రమూ పెట్టాను. నూనె కూడా రాశాను.

అక్టోబర్ 16

అలేఖ్యకి చెప్పాను. కుర్చీలో కూర్చుని ఎక్కిళ్ళు వచ్చేదాకా నవ్వింది. తర్వాత నా ముఖం చూసి ఊరుకుంది. తిట్లూ కోపం మాటలూ ముందు వస్తాయి ఆంటీ, అవి ఇంకో దారిన వస్తాయి, మీరు ఆ దారి తెరిచారు అంది. నన్ను ఓదార్చడానికి అందో, నిజమో. ఇవాళ కార్డుల్లో ఆవు బొమ్మ చూసి "బంద్ చెయ్" అన్నాడు. దాన్ని కూడా మార్కు కింద వేసుకుంది.

సాయంత్రం సొరుగులోంచి టీ మరకలున్న పాత సీడీ తీసి పెట్టాను, మిషన్‌కి ముందుది. బాల్‌రాజ్ కళ్ళు మూసుకున్నాడు. తల ఊపలేదు. వేలు కూడా కదపలేదు. సీడీ మొత్తం అయిపోయేదాకా శిలలా ఉండిపోయాడు. నచ్చితే ఈ మనిషి కదలడు. ఇన్నేళ్ళు ఒకే గదిలో కూర్చుని ఆ సంగతి నేను చూడలేదు.

అక్టోబర్ 20

కొత్త మాటలు: నీళ్ళు, అమ్మ, వద్దు, పసన్న. నా పేరు ఇంకా రాలేదు. మూడక్షరాల కంటే పెద్దది కష్టమట. బిందూ అంటే రెండే.

అక్టోబర్ 24

పాత సీడీలన్నీ విన్నాను. బాగున్నాయి. తీయగా ఉన్నాయి. హోటల్లో సూప్ వచ్చేలోపు వినిపించే పాటల్లాగా ఉన్నాయి. ఆయనతో ఆ మాట అనలేదు. తల ఊపాను. పైకీ కిందికీ ఊపాను, పొరపాటు లేకుండా.

నీలం సీడీ మళ్ళీ ప్లాస్టిక్ కవర్లో చుట్టి బీరువా పై అరలో పెట్టేశాను. ఇష్టం లేనిదాన్ని, మాట్లాడనివాడు ఇచ్చినదాన్ని, పట్టాల పక్కన పెట్టుకున్నాడు. అలాంటి అరలో నాదేదైనా ఉందో లేదో. ఉంటే బాగుండునని అనిపించింది. అనిపించింది కాబట్టి రాస్తున్నాను.

అక్టోబర్ 28

నీలం సీడీ లేకుండా ఉండలేకపోతున్నాను. వంట చేసేటప్పుడు ఫోన్లో పెట్టుకుంటున్నాను. ఆయనకి వినపడకుండా ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటున్నాను.

నవంబర్ 3

దీపావళి పటాసుల చప్పుడు ఇవాళ్టికి తగ్గింది. సాయంత్రం డైనింగ్ టేబుల్ దగ్గర గోరుచిక్కుళ్ళు తరుగుతూ రెండో పాట వింటున్నాను. బాల్‌రాజ్ కర్ర పట్టుకుని గది దాటి వచ్చి, నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. తీగ వైపు చూశాడు. ఫోన్ వైపు చూశాడు, నీలం అట్ట బొమ్మ కనిపిస్తోంది. ఆపబోయాను. ఎడమ చెయ్యి చాపి, నా చెవిలోంచి ఒక గుండీ తీసి, తన చెవిలో పెట్టుకున్నాడు.

తీగ పొట్టిది. కుర్చీ దగ్గరికి లాక్కోవలసి వచ్చింది. నేను మొదటినుంచి పెట్టాను. చాకు పక్కన పెట్టేసి ఆయన చేతినే చూస్తూ కూర్చున్నాను, ఎప్పుడు తొడ మీద పడుతుందా అని. ఎప్పుడు ఊపుతాడా అని. గిటార్ పరిగెత్తింది. ఆగింది. డ్రమ్ము ఏడు దెబ్బలూ వేసుకుంటూ పోయింది. ఆ ఒక్క స్వరం వచ్చింది, పొడుగ్గా.

ఆయన కదల్లేదు. తల కదల్లేదు, చెయ్యి కదల్లేదు, రెప్ప కదల్లేదు. పాట అయిపోయేదాకా అలాగే ఉన్నాడు.

అయిపోయాక నా వైపు తిరిగి, పెదవులు ఒకటికి రెండుసార్లు సర్దుకుని అన్నాడు.

"చెత్త."

"మీకు చెవుల్లేవండీ," అన్నాను.

ఇలాంటి మాట నేను ఆయన్ని ఎప్పుడూ అనలేదు. గొంతు ఎందుకో లేచింది. ఏడు దెబ్బల్లో అతను ఏం చేశాడో విన్నారా అసలు, ఆగడమంటే ఏమిటో తెలుసా, మీ పాత సీడీలు సూప్ తాగడానికి పనికొస్తాయి అన్నాను. ఆయన సగం నోరు నవ్వుతోంది. "సూ... సూప్?" అన్నాడు. ఆ సూప్ అన్నది కొత్త మాట. "చెత్త, బిందూ," అన్నాడు మళ్ళీ, ఒక్కొక్క అక్షరం ఏరుకుంటూ.

నేను ఇంకా గట్టిగా అరిచాను. ఏమని అరిచానో గుర్తు లేదు. గోరుచిక్కుళ్ళ మీద నీళ్ళు పడుతున్నాయి, నా ముక్కు కారుతోంది, ఆపుదామంటే ఆగడం లేదు. అత్తయ్య గరిటె పట్టుకునే వచ్చింది.

"ఏడుస్తున్నవా బిడ్డా?"

"లేదత్తయ్యా. కొట్లాడుకుంటున్నాం."

ఆవిడ నన్ను చూసింది, కొడుకుని చూసింది, గరిటెతో లోపలికి వెళ్ళిపోయింది. మూడో పాట మొదలైంది. ఆయన చెవిలోంచి గుండీ తియ్యలేదు.